విటమిన్ సి రాస్తే జుట్టు మొలుస్తుందా? ప్రయోగశాల నుంచి నడినెత్తి దాకా

జుట్టు కోసం అమ్మే సిరం సీసా తిప్పి చూస్తే, వెనక చిన్న అక్షరాల్లో మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ అన్న పేరు కనిపించవచ్చు. కొన్నిటి మీద సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ అని, ఇంకొన్నిటి మీద ఆస్కార్బిల్ గ్లూకోసైడ్ అని ఉంటుంది. ఇవన్నీ విటమిన్ సి డెరివేటివ్‌లు, అంటే విటమిన్ సి అణువుకి ఇంకో ముక్క తగిలించి తయారుచేసిన రూపాలు. ముఖానికి రాసుకునే క్రీముల్లో ఎప్పటినుంచో ఉన్నవే. వీటితో జుట్టు పెరుగుతుందన్న మాట గాలి కబురు కాదు. దాని వెనక కొరియాలో జరిగిన అసలైన పరిశోధన ఉంది, అది పేరున్న చర్మవైద్య పత్రికల్లో అచ్చయింది కూడా. చిక్కల్లా ఆ పరిశోధన ఎక్కడిదాకా వచ్చి ఆగిందో సీసా మీద రాయరు.

జుట్టు ఊడుతున్నప్పుడు పడే టెన్షన్ తేలిగ్గా తీసేయాల్సింది కాదు. దువ్వెనకి చిక్కిన వెంట్రుకలు చూసి రోజంతా దిగులుపడేవాళ్ళు, అద్దం ముందు తల వంచి పాపిడి ఎంత వెడల్పయిందో చూసుకునేవాళ్ళు ఎంతోమంది. అలాంటివాళ్ళకి సగం నిజం చెబితే డబ్బు ఒక్కటే పోదు, కాలం కూడా పోతుంది. బట్టతల విషయంలో కాలం పోయిందంటే కుదుళ్ళు పోయినట్టే. అందుకే ఈ సంగతిని మొదట్నుంచీ విడమర్చి చూడాలి.

విటమిన్ సికీ వెంట్రుకకీ ఉన్న పాత సంబంధం

విటమిన్ సి పూర్తిగా కరువైతే వచ్చే జబ్బు స్కర్వీ. నెలల తరబడి సముద్రం మీద గడిపే నావికుల్ని వేలకు వేలుగా పొట్టనపెట్టుకుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జబ్బుపడ్డ 12 మందిని జతలుగా విడదీసి, ఒక్కో జతకి ఒక్కో చికిత్స ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మపళ్ళు తిన్న జత అందరికంటే ముందు లేచి తిరిగింది. స్కర్వీ అనగానే చిగుళ్ళ నుంచి రక్తం కారడం గుర్తొస్తుంది కానీ, డాక్టర్లు దాన్ని పోల్చుకునే గుర్తుల్లో వెంట్రుక కూడా ఒకటి. ఒంటి మీది వెంట్రుకలు స్క్రూలా మెలితిరిగిపోతాయి, ఒక్కో కుదురు చుట్టూ సన్నటి రక్తపు చుక్క కనిపిస్తుంది.

ఈ మార్పు ఎంతకాలానికి వస్తుందో ఒక డాక్టర్ తన ఒంటి మీదే తేల్చాడు. 1939లో అమెరికాలో జాన్ క్రాండన్ అనే యువ సర్జన్ విటమిన్ సి బొత్తిగా లేని తిండికి తనంతట తానే మారాడు. రక్తద్రవంలో విటమిన్ సి ఆరు వారాల్లోపే దాదాపు సున్నాకి పడిపోయింది. అయినా పైకి ఏమీ తెలియలేదు. నాలుగు నెలలు దాటాకే కుదుళ్ళ దగ్గర చర్మం గరుకుగా పొక్కులు కట్టింది. ఐదు నెలలు దాటాక కుదుళ్ళ చుట్టూ రక్తపు చుక్కలు కనిపించాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. శరీరంలో నిల్వ పూర్తిగా అడుగంటాక కూడా కుదురు చాలాకాలం నెట్టుకొచ్చింది. మామూలుగా తింటూ, మామూలుగా తిరుగుతున్న మనిషికి జుట్టు రాలుతోందంటే, దానికి విటమిన్ సి లోటు కారణమయ్యే అవకాశం ఎంత తక్కువో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కుదురు చుట్టూ రక్తపు చుక్కలు రావడానికి కారణం కొలాజెన్ బలహీనపడటం. ఈ ప్రొటీన్ పోగులు గట్టిపడాలంటే కొన్ని ఎంజైములు పనిచేయాలి, ఆ ఎంజైములకి విటమిన్ సి తోడు లేకపోతే కుదరదు. వెంట్రుక తయారయ్యేది కెరాటిన్‌తోనే అయినా, కుదురు చుట్టూ ఉండే తొడుగు, దానికి రక్తం తెచ్చే సన్నటి నాళాల గోడలు కొలాజెన్ మీదే ఆధారపడతాయి. మరి లోటు వల్ల వెంట్రుక పాడైతే, ఎక్కువ ఇస్తే బాగుపడాలి కదా అనిపిస్తుంది. సరిగ్గా ఈ మలుపులోనే చాలామంది దారి తప్పుతారు. లోటు తీర్చడం వేరు, లోటు లేనిచోట పైనుంచి పోయడం వేరు. విటమిన్లకీ జుట్టు రాలడానికీ ఉన్న సంబంధం మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వడబోసి 2019లో వచ్చిన ఒక సమీక్ష, తల మీది జుట్టు రాలడానికీ రక్తంలోని విటమిన్ సి మోతాదుకీ లంకె చూపే డేటా లేదని తేల్చింది.

అయితే కొరియా పరిశోధకులు ఈ దారిలో వెళ్ళలేదు. వాళ్ళు అడిగింది విటమిన్ సి లోటు గురించి కాదు. కుదురు అడుగున ఉండే ఒక కణాల ముద్దకి విటమిన్ సిని ఆగకుండా అందిస్తే ఏమవుతుంది అని.

కుదురు అడుగున ఏం జరుగుతుంది

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుకా రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, ఆ దశ పేరు అనాజెన్. తర్వాత రెండు మూడు వారాల్లో కుదురు ముడుచుకుంటుంది, అది కాటాజెన్. ఆపైన మూడు నెలలు విశ్రాంతి, అది టెలోజెన్. ఆ తర్వాత పాత వెంట్రుక రాలిపోయి కొత్తది మొదలవుతుంది. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఈ లెక్కలో మామూలే.

కుదురు అట్టడుగున గుండుసూది తల కంటే చిన్న కణాల ముద్ద ఒకటి ఉంటుంది. దాని పేరు డెర్మల్ పాపిల్లా. వెంట్రుకని అల్లే కణాలు దాని చుట్టూ ఉంటాయి కానీ, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత లావున అల్లాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది పాపిల్లానే. అది వదిలే రసాయన సంకేతాల్లో కొన్ని పెంచేవి, కొన్ని ఆపేవి. పెంచేవాటిలో ఐజీఎఫ్-1 ముఖ్యమైనది. ఆపేవాటిలో ఒకటి డీకేకే-1.

వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో గొడవ మొదలయ్యేది ఇక్కడే. టెస్టోస్టెరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్ పాపిల్లాని తాకుతుంది. నుదురు పైభాగం, నడినెత్తి మీది కుదుళ్ళు ఈ హార్మోన్‌కి లొంగుతాయి, తల వెనక భాగంలోవి లొంగవు. లొంగిన పాపిల్లా డీకేకే-1 లాంటి ఆపే సంకేతాలు ఎక్కువ వదులుతుంది. అనాజెన్ దశ ఏళ్ళ నుంచి నెలలకి కుదించుకుపోతుంది. ప్రతి చక్రానికీ వెంట్రుక ఇంకాస్త సన్నబడి, చివరికి కంటికి ఆనని నూగుగా మారుతుంది. కుదురు చచ్చిపోదు, కుంచించుకుపోతుంది. తొందరగా మందు మొదలుపెడితే కొంతైనా వెనక్కి తేవచ్చనడానికి ఆధారం ఇదే. ఎక్కువ ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది.

రెండో స్థానంలో ఒక తాళం

మామూలు విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, చాలా సుకుమారమైన పదార్థం. దాని ఉంగరంలాంటి నిర్మాణంలో రెండు, మూడు స్థానాల్లో ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలు ఎలక్ట్రాన్లని ఇట్టే వదిలేస్తాయి. దాని గొప్పతనం అదే, బలహీనత కూడా అదే. గాలి, వెలుతురు, నీరు తగిలితే ఆక్సీకరణ చెంది పసుపు, ఆపై గోధుమ రంగుకి తిరుగుతుంది. ప్రయోగశాలలో కణాలు పెంచే 37 డిగ్రీల వెచ్చటి ద్రావణంలో వేస్తే కొద్ది గంటల్లోనే చాలావరకు పోతుంది. పూటపూటకీ మళ్ళీ కలపకపోతే కణాలకి అందేది శూన్యం.

రెండో స్థానంలో ఒక ఫాస్ఫేట్ ముక్క తగిలిస్తే ఈ ఇబ్బంది తీరిపోతుంది. ఎలక్ట్రాన్ వదిలే దారికి తాళం పడుతుంది. అలా తయారైనదే ఆస్కార్బిక్ ఆసిడ్ 2-ఫాస్ఫేట్. ద్రావణంలో రోజుల తరబడి చెక్కుచెదరదు. కణం దగ్గరికి చేరాక ఫాస్ఫటేస్ అనే ఎంజైము ఆ ఫాస్ఫేట్‌ని కత్తిరిస్తుంది, అసలు విటమిన్ సి బయటపడి పనిలోకి దిగుతుంది. సిరం సీసాల మీద కనిపించే మెగ్నీషియం, సోడియం పేర్లు దీని లవణాలవే. ఇక్కడ నాకు భలే ఆసక్తిగా అనిపించే విషయం ఒకటుంది. డెర్మల్ పాపిల్లాని సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టడానికి పరిశోధకులు వాడే గుర్తుల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేస్ ఒకటి, అక్కడ అది అంత దండిగా ఉంటుంది. అంటే తాళం తీసే ఎంజైము సరిగ్గా కావలసిన చోటే ఉంది. కాగితం మీద ఇంతకంటే పొందికైన ఏర్పాటు ఉండదు.

మిగతా రూపాలకి ఈ పొందిక అంతగా లేదు. ఆస్కార్బిల్ గ్లూకోసైడ్‌లో రెండో స్థానంలో ఫాస్ఫేట్‌కి బదులు గ్లూకోజ్ ఉంటుంది. ఇథైల్ ఆస్కార్బిక్ ఆమ్లంలో ముక్క మూడో స్థానంలో ఉంటుంది. ఆస్కార్బిల్ పామిటేట్‌లో కొవ్వు ఆమ్లం ఆరో స్థానానికి తగులుకుంటుంది కాబట్టి రెండు, మూడు స్థానాలు బార్లా తెరిచే ఉంటాయి, నిలకడ తక్కువ. జుట్టు మీద కొరియాలో జరిగిన ప్రయోగాలు 2-ఫాస్ఫేట్‌తో జరిగినవి. వాటి ఫలితాలని మిగతా రూపాలకి అంటగట్టి చెప్పడం సరికాదు.

కొరియాలో ఏం చూశారు

2006లో దక్షిణ కొరియా పరిశోధకుల బృందం ఒకటి మూడు అంచెల్లో జరిపిన ప్రయోగాల ఫలితాలు ప్రచురించింది. మొదటి అంచె, మనిషి తల నుంచి తీసిన డెర్మల్ పాపిల్లా కణాలు. 2-ఫాస్ఫేట్ కలిపితే అవి ఎక్కువగా వృద్ధి చెందాయి. రెండోది, తల నుంచి విడదీసి ద్రావణంలో బతికించిన కుదుళ్ళు. వాటిలో వెంట్రుక మరింత పొడవు పెరిగింది. మూడోది, నల్ల ఎలుకలు. వాటి వీపు మీద రాస్తే, విశ్రాంతిలో ఉన్న కుదుళ్ళు ముందుగానే పెరిగే దశలోకి వచ్చాయి.

2009లో అదే దారిలో ఇంకో అడుగు పడింది. 2-ఫాస్ఫేట్ తగిలిన పాపిల్లా కణాలు ఐజీఎఫ్-1ని ఎక్కువగా వదులుతున్నాయని, వెంట్రుక పొడవు పెరగడానికి కారణం అదేనని, కణం లోపల పీఐ3-కైనేజ్ అనే ఎంజైము ద్వారా ఆ పని జరుగుతోందని చూపించారు. 2010లో మరో సంగతి బయటపడింది. విటమిన్ సి శరీరంలో విరిగిపోయాక మిగిలే ముక్కల్లో ఎల్-థ్రియోనేట్ ఒకటి. డీహెచ్‌టీ ఉసిగొల్పగా పాపిల్లా కణాలు వదిలే డీకేకే-1ని ఈ ముక్క అణిచిపెట్టింది. ఒకవైపు పెంచే సంకేతం ఎక్కువవుతోంది, ఇంకోవైపు ఆపే సంకేతం తగ్గుతోంది. జుట్టుకి మంచిదని ప్రచారంలో ఉన్న సవాలక్ష పదార్థాల్లో ఇంత వివరంగా దారి చూపించగలిగినవి కొన్నే. ఈ పరిశోధన మీద నాకు గౌరవం ఉంది. దాన్ని సీసా మీద 'శాస్త్రీయంగా నిరూపితం' అన్న రెండు మాటలకి కుదించడం మీదే నా అభ్యంతరం.

ఆ మూడు అంచెలనీ దగ్గరగా చూస్తే

మొదట కణాల సంగతి. కణాలు పెంచడానికి వాడే మామూలు ద్రావణాలు చాలావాటిలో విటమిన్ సి ఉండదు, కలిపినా నిలవదు కాబట్టి. అంటే గాజు పాత్రలోని పాపిల్లా కణాలు మొదటినుంచీ విటమిన్ సి కరువులోనే ఉంటాయి. రసాయనపరంగా చూస్తే అవి స్కర్వీ వచ్చిన మనిషి కణాల్లాంటివి. అలాంటి వాటికి విటమిన్ సి నిలకడగా అందిస్తే చురుగ్గా పెరగడం ఊహించదగ్గదే. మన ఒంట్లో ఉన్న పాపిల్లా పరిస్థితి వేరు. దానికి రక్తం రాత్రింబగళ్ళు విటమిన్ సిని మోసుకొస్తూనే ఉంటుంది. తగినంత తినే మనిషి రక్తంలో లీటరుకి సుమారు 50 నుంచి 80 మైక్రోమోల్ వరకు ఉంటుంది. కణాలు దాన్ని లోపలికి లాగి రక్తంలో కంటే ఎక్కువగా దాచుకుంటాయి కూడా. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టినప్పుడు కనిపించిన మార్పు, కడుపు నిండినవాడికి పెట్టినా కనిపిస్తుందని అనుకోలేం.

రెండోది విడదీసిన కుదురు. ఈ పద్ధతి 1990లో బ్రిటన్‌లో రూపుదిద్దుకుంది. కుదురుని జాగ్రత్తగా కోసి ద్రావణంలో ఉంచితే తొమ్మిది పది రోజుల వరకు రోజుకి సుమారు 0.3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, తల మీద పెరిగే వేగం దాదాపు అంతే. చూడటానికి అద్భుతమైన ఏర్పాటు. కానీ ఇందులో చర్మం అడ్డం లేదు. మందు నేరుగా కుదురుని ముంచేస్తుంది. పైగా ఇలాంటి ప్రయోగాలకి కుదుళ్ళు సాధారణంగా తల వెనక భాగం నుంచి వస్తాయి, జుట్టు మార్పిడి ఆపరేషన్లలో తీసేవి అవే కాబట్టి. డీహెచ్‌టీకి లొంగని కుదుళ్ళు అవి. బట్టతలతో కుంచించుకుపోయిన కుదురు ఎలా స్పందిస్తుందన్న ప్రశ్న అక్కడ తేలదు.

ఇక ఎలుక. ఈ ప్రయోగాలకి వాడే సీ57బీఎల్/6 జాతి నల్ల ఎలుకల్లో ఒక సౌకర్యం ఉంది. కుదుళ్ళు విశ్రాంతిలో ఉన్నప్పుడు గొరిగిన వీపు గులాబీ రంగులో ఉంటుంది. అవి పెరిగే దశకి రాగానే లోపల రంగు తయారై చర్మం బూడిదగా, తర్వాత నల్లగా మారుతుంది. కొలత పరికరం లేకుండా కంటితోనే చెప్పేయొచ్చు. ఆ ఎలుకల వీపు మీది కుదుళ్ళు చిన్న వయసులో దాదాపు ఒకేసారి విశ్రాంతికి వెళ్ళి, కొన్ని వారాల తర్వాత ఏ మందూ లేకుండానే మేలుకుంటాయి. మందు చేసేది ఆ మేలుకునే తేదీని ముందుకి జరపడమే. మన బట్టతలలో సమస్య కుదురు ఆలస్యంగా లేవడం ఒక్కటే కాదు, లేచిన ప్రతిసారీ చిన్నదైపోవడం. ఆ జబ్బు ఈ ఎలుకలకి లేదు. పైగా ఎలుకలు విటమిన్ సిని కాలేయంలో సొంతంగా తయారుచేసుకుంటాయి. మనలో ఆ పని చేసే ఎంజైము జన్యువు ఏనాడో పాడైపోయింది. ఎలుక చర్మమూ పల్చనే. ఈ పరీక్షలో నెగ్గి మనిషి తల దగ్గర చతికిలపడ్డ పదార్థాలు చాలా ఉన్నాయి.

చర్మం అడ్డుగోడ

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇది. అనాజెన్‌లో ఉన్న తల వెంట్రుక కుదురు అడుగు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున, చర్మం కింది కొవ్వులో ఉంటుంది. పైన రాసింది అక్కడిదాకా పోవాలి. చర్మం పైపొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు, కానీ కొవ్వుతో అతికిన ఆ పొర నీటిలో కరిగే, విద్యుదావేశం ఉన్న అణువుల్ని రానివ్వదు. ఆస్కార్బిక్ ఆసిడ్ 2-ఫాస్ఫేట్ ఆ రెండు లక్షణాలూ ఉన్న అణువు. నిలకడ కోసం తగిలించిన ఫాస్ఫేటే చర్మంలోకి దిగనివ్వకుండా అడ్డుపడుతుంది.

2001లో షెల్డన్ పిన్నెల్ అనే అమెరికా చర్మవైద్యుడి బృందం పంది చర్మం మీద దీన్ని కొలిచింది. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం పీహెచ్ 3.5 కంటే తక్కువున్నప్పుడే, అంటే ద్రావణం బాగా పుల్లగా ఉన్నప్పుడే, చర్మంలోకి బాగా దిగింది. 20 శాతం గాఢత వరకు ప్రయోజనం పెరిగింది, ఆపైన పెరగలేదు. చర్మంలో చేరిన విటమిన్ సి సగానికి తగ్గడానికి సుమారు నాలుగు రోజులు పట్టింది. అదే పరీక్షలో మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, ఆస్కార్బిల్ పామిటేట్ రాసినా చర్మంలో విటమిన్ సి మోతాదు పెరగలేదు.

అలాగని అసలేమీ దిగదనడం కూడా సరికాదు. 1996లో జపాన్‌లో మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ 10 శాతం ఉన్న క్రీముని మంగు మచ్చలు, వయసుతో వచ్చే మచ్చలు ఉన్న 34 మందికి రాయిస్తే 19 మందిలో రంగు స్పష్టంగా తగ్గింది. అంటే క్రీము తయారీ బాగుంటే కొంతైనా రంగు కణాల దాకా చేరుతోంది. అయితే రంగు కణాలుండేది మిల్లీమీటరులో పదో వంతు లోతున. కుదురు అడుగు దానికి ముప్ఫై నలభై రెట్లు కింద ఉంది. వెంట్రుక పక్క సందుగుండా దిగే దారి ఒకటి ఉన్నమాట నిజమే, తల మీద కుదుళ్ళు దట్టంగా ఉంటాయి కాబట్టి ఆ దారికి విలువ ఉంది. కానీ ఆ సందు నిండా చర్మం వదిలే నూనే ఉంటుంది, నీటిలో కరిగేదానికి అది సుఖమైన దారి కాదు. మరి నూనెలో కరిగే టెట్రాహెక్సైల్‌డెసిల్ ఆస్కార్బేట్ సంగతేమిటంటే, నాలుగు కొవ్వు గొలుసులు తగిలించిన ఆ అణువు బరువు 1,100 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం) దాటుతుంది. చర్మంలోంచి తేలిగ్గా దిగే అణువులు 500 డాల్టన్ల లోపే ఉంటాయని చర్మవైద్యంలో ఒక లెక్క.

పోలిక కోసం, బట్టతలకి తల మీద రాసే మందు మినాక్సిడిల్‌ని చూడండి. అణువు బరువు 209, బలమైన ఆవేశం లేదు, ఆల్కహాల్, ప్రొపైలిన్ గ్లైకాల్ కలిపిన ద్రావణంలో ఇస్తారు. అంత అనువుగా ఉన్నదానిలోనే తలకి రాసిన దాంట్లో సగటున 1.4 శాతం మాత్రం ఒంట్లోకి చేరుతుంది.

మనిషి తల మీద నిరూపించడం అంటే

బట్టతలకి మగవాళ్ళు మింగే ఫినాస్టరైడ్ మాత్ర ఎలా ఆమోదం పొందిందో చూస్తే 'నిరూపణ' అంటే ఏమిటో తెలుస్తుంది. ఆ ట్రయల్స్‌లో 18 నుంచి 41 ఏళ్ళ మధ్య వయసున్న 1,553 మంది మగవాళ్ళు పాల్గొన్నారు. సగంమందికి మందు, సగంమందికి అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర. ఎవరిది ఏదో వాళ్ళకీ తెలియదు, డాక్టర్లకీ తెలియదు. నడినెత్తి మీద ఒక అంగుళం వ్యాసం ఉన్న వృత్తాన్ని గుర్తుపెట్టి, ఫొటో తీసి, అందులోని వెంట్రుకల్ని లెక్కపెట్టారు. మొదట్లో సగటున 876 ఉన్నాయి. ఏడాది తర్వాత మందు తీసుకున్నవాళ్ళకి, ఉత్త మాత్ర తీసుకున్నవాళ్ళకి మధ్య తేడా 107 వెంట్రుకలు, రెండేళ్ళకి 138. ఉత్త మాత్ర తీసుకున్నవాళ్ళకి జుట్టు ఇంకా తగ్గుతూనే వచ్చింది. 876లో 138 తేడా కనిపెట్టడానికే ఇంత కట్టుదిట్టం అవసరమైంది. అద్దంలో చూసుకుని, రెండు సెల్ఫీలు పక్కపక్కన పెట్టి ఇలాంటి తేడాని నమ్మకంగా చెప్పలేం. లైటు కోణం మారినా, జుట్టు తడిగా ఉన్నా, పాపిడి అర అంగుళం జరిగినా ఫొటోలో అంతకంటే పెద్ద తేడా కనిపిస్తుంది.

విటమిన్ సి డెరివేటివ్ ఒక్కదాన్నే బట్టతలకి రాయించి, ఇంత పెద్ద ఎత్తున పోల్చి చూసిన ట్రయల్ వెలువడలేదు. అమెరికాలో మందుల్ని అనుమతించే సంస్థ ఎఫ్‌డీఏ బట్టతలకి ఆమోదించిన మందులు తలకి రాసే మినాక్సిడిల్, మగవాళ్ళకి మాత్రగా ఇచ్చే ఫినాస్టరైడ్. మొదటిది 1988లో, రెండోది 1997లో వచ్చాయి. మార్కెట్లో ఉన్న సిరంలలో విటమిన్ సి డెరివేటివ్‌తోపాటు కెఫీన్, పెప్టైడ్లు, మొక్కల సారాలు కలిసి ఉంటాయి. అలాంటి సిరం వాడి జుట్టు బాగుపడిందన్నా, ఆ ఘనత ఎవరికి చెందుతుందో చెప్పలేం. పైగా సౌందర్య సాధనంగా అమ్మేదానికి మందుకి అడిగినంత రుజువు ఎవరూ అడగరు. 'జుట్టు ఒత్తుగా కనిపిస్తుంది' అని రాసుకోవచ్చు. 'కనిపిస్తుంది' అన్న మాట అక్కడ ఊరికే రాలేదు.

వాడినవాళ్ళు అబద్ధం చెబుతున్నారని కాదు నా ఉద్దేశం. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం జరిగిన రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. దాన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. కారణం తొలగిపోతే మందు లేకుండానే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. బాగా ఊడుతున్నప్పుడే కదా ఎవరైనా సిరం కొనేది. అది వాడుతున్న నెలల్లోనే జుట్టు తనంతట తాను తిరిగి వస్తుంది, పేరు సీసాకి పోతుంది.

మరి వాడొచ్చా

ఫాస్ఫేట్ రూపాలు చర్మానికి సాధువైనవే. తటస్థానికి దగ్గర పీహెచ్‌లో నిలుస్తాయి కాబట్టి ఆస్కార్బిక్ ఆమ్లంలా మంట పుట్టించవు. ఇష్టపడి రాసుకుంటే పెద్దగా హాని ఉండదు, దురద, ఎరుపు వస్తే ఆపేయాలి. కానీ నుదుటి మీద జుట్టు వెనక్కి పోతూ, నడినెత్తి పల్చబడుతూ ఉంటే, ఫలితం కోసం ఏడాదిపాటు దీన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. ఆ ఏడాదిలో కుదుళ్ళు ఇంకాస్త కుంచించుకుపోతాయి. ఆధారమున్న చికిత్స మొదలుపెట్టి, పక్కన ఇది వాడుకుంటానంటే ఇబ్బంది లేదు. అలాంటప్పుడు మినాక్సిడిల్‌తో ఒకే సీసాలో కలపకండి. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి రాసుకోవచ్చు. ముఖానికి వాడే గాఢమైన ఆస్కార్బిక్ ఆమ్లం సిరంని తలకి పట్టించడం మాత్రం మంచిది కాదు. దాని పులుపుకి తల మంటెక్కుతుంది, రంగు వేసుకున్న జుట్టయితే రంగు వెలిసిపోవచ్చు.

విటమిన్ సి ఉన్న షాంపూల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రెండు నిమిషాల్లో కడిగేసేది కుదురు అడుగుకి చేరదు. నీళ్ళలోని క్లోరిన్‌ని విటమిన్ సి విరిచేస్తుంది, వెంట్రుక గరుకుదనం తగ్గడానికి ఆ మేరకు ఉపయోగం.

మాత్రల సంగతి వేరు. అమెరికా ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది మగవాళ్ళకి 90 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకి 75, పొగ తాగేవాళ్ళకి ఇంకో 35 ఎక్కువ. రోజుకి 200 మిల్లీగ్రాములు దాటాక రక్తంలో మోతాదు పెద్దగా పెరగదు. 1,000 మిల్లీగ్రాములు దాటితే మింగినదాంట్లో సగం కూడా ఒంటబట్టదు. 2,000 దాటితే కడుపునొప్పి, విరేచనాలు పట్టుకోవచ్చు. కిడ్నీలో రాళ్ళు వచ్చే స్వభావం ఉన్నవాళ్ళకి పెద్ద మోతాదులు మంచివి కావు, విటమిన్ సి విరిగి ఆక్సలేట్‌గా మారుతుంది. మాత్ర నిజంగా అక్కరకొచ్చే సందర్భం ఒకటుంది. ఐరన్ లోటు వల్ల జుట్టు రాలుతుంటే, శాకాహారంలోని ఐరన్ ఒంటబట్టడానికి విటమిన్ సి తోడ్పడుతుంది. ఆ లోటు ఉందో లేదో ఒంట్లో ఐరన్ నిల్వని చూపే ఫెరిటిన్ రక్తపరీక్షలో తెలుస్తుంది. జుట్టు ఊడుతున్న ఆడవాళ్ళు, ముఖ్యంగా నెలసరిలో ఎక్కువ రక్తం పోయేవాళ్ళు, సిరం కొనేముందు ఆ పరీక్ష చేయించుకుంటే మేలు.

నాణెమంత మేర గుండ్రంగా, నున్నగా ఊడిపోతే అది పేనుకొరుకుడు కావచ్చు. అక్కడ కుదురు మీద దాడి చేసేది మన రోగనిరోధక వ్యవస్థే, దాని చికిత్స పూర్తిగా వేరు. ఊడినచోట మంట, ఎరుపు, పొలుసులు ఉండి, చర్మం మెరుస్తూ కుదురు రంధ్రాలు కనబడకుండా పోతుంటే డెర్మటాలజిస్ట్ దగ్గరికి ఆ వారమే వెళ్ళాలి. అలాంటి జబ్బుల్లో కుదురు స్థానంలో మచ్చ కడుతుంది, మచ్చ కట్టినచోట మళ్ళీ వెంట్రుక రాదు.